నలుగురి పులిహోర పదిమందికి

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పాఠం మన కాలేజీల్లో ఎక్కువగా జంతువులతో మొదలవుతుంది. ‘జంతువు’ అని ఒక క్లాసు, దాని కింద ‘కుక్క’, ‘పిల్లి’. అరవమంటే కుక్క భౌభౌ అంటుంది, పిల్లి మ్యావ్ అంటుంది. ప్రోగ్రాము నడుస్తుంది, రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది, ల్యాబ్ పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. ఆ కుక్క మ్యావ్ అన్నా ఎవరికీ ఏ నష్టమూ లేదు. నష్టం లేని చోట తప్పొప్పుల పట్టింపు ఉండదు. రెండో ఏడాదిలో ఈ సబ్జెక్టు మంచి మార్కులతో పాసైన పిల్లలు కూడా ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు వచ్చేసరికి ఏ పని ఏ క్లాసుకు అప్పజెప్పాలో తేల్చుకోలేక తికమకపడతారు. కారణం ఆ ఉదాహరణల్లోనే ఉందని నా నమ్మకం.

అందుకని ఈ అధ్యాయంలో జంతువుల్ని పక్కనపెట్టి వంటింట్లోకి వెళదాం. అక్కడ సరైన జవాబు మనకు ముందే తెలుసు. నలుగురి పులిహోరకు 400 గ్రాముల బియ్యం పడితే పదిమందికి కిలో పడుతుందని చెప్పడానికి కంప్యూటరు అక్కర్లేదు. ప్రోగ్రాము మరో అంకె చెబితే, తప్పు ప్రోగ్రాముదేనని ఇంట్లో ఎవరైనా పట్టేస్తారు. టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అనే పద్ధతికి కావలసిన పెట్టుబడి ఇదే: కోడు పుట్టకముందే జవాబు చేతిలో ఉండటం. బ్యాంకు వడ్డీ లెక్కల్లోనో, విమాన టికెట్ల రద్దు నియమాల్లోనో పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఆ జవాబు తెలియదు. అన్నం, పప్పు, పులుసు విషయంలో తెలుసు.

ఇళ్లలోనే కాదు, అద్దె గదుల్లో వండుకునేవాళ్లకూ తెలుసు. దువ్వాడనే తీసుకుందాం. హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో విశాఖపట్నం పక్కనే ఉన్న స్టేషను. చుట్టుపక్కల ఉక్కు కర్మాగారం, 2003లో ప్రత్యేక ఆర్థిక మండలంగా మారిన ఎగుమతుల మండలం, 2002లో మొదలైన విజ్ఞాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఉన్నాయి. డ్యూటీలకు వెళ్లేవాళ్లు, చదువుకునేవాళ్లు కూర్మన్నపాలెం, గాజువాక దాకా అద్దె గదుల్లో ఉంటూ వండుకుంటారు. గదిలో నలుగురుంటారు, ఆదివారం ఇంకో ఇద్దరొస్తారు, కొలత మారుతుంది. క్లాసు అంటే ఏమిటో ఆ గదిలో కొందరికి తెలియకపోవచ్చు. డబ్బాలో బియ్యం ఎంత ఉందో, గ్యాస్ బండ ఎన్నాళ్లొస్తుందో మాత్రం అందరికీ తెలుసు.

క్లాసుకీ ఆబ్జెక్టుకీ తేడా చెప్పడానికి దువ్వాడ వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. మొదటిది 1990లో, రెండోది 1992లో, మూడోది 2012లో వెలిగాయి. బ్లాస్ట్ ఫర్నేసు అనేది క్లాసు: ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి తీసుకుంటుంది, కరిగిన ఇనుము ఇస్తుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఆబ్జెక్టులు. చేసే పని ఒకటే అయినా ఎవరి వేడి వారిది, ఎవరి వయసు వారిది. ఒకటి మరమ్మతుకు ఆగితే మిగతా రెండూ ఆగవు. ఇనుము కరిగించే కొలిమికి అన్నం పెట్టే తల్లి పేరు పెట్టినవాళ్లకు ఈ సందర్భంలో ఒక నమస్కారం.

క్లాసులు, ఆబ్జెక్టులు అన్న ఈ ఆలోచన పుట్టింది కూడా ఇలాంటి నిజమైన వ్యవస్థల్ని కంప్యూటరులో నడిపి చూడాలన్న అవసరంలోంచే. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నిగార్డ్, ఓలె-యోహాన్ డాల్ ‘సిములా’ అనే భాషను తయారుచేశారు. వాళ్లను ఇబ్బంది పెట్టిన ఉదాహరణల్లో ఒకటి వంతెన దగ్గరి టోల్ గేటు. అక్కడ బారులు తీరిన లారీలు, బస్సులు, కార్లు అన్నీ వాహనాలే, అన్నీ వరసలో నిలబడతాయి, అయినా ఒక్కోదానికి ఒక్కో ప్రత్యేకత. ఉమ్మడి లక్షణాలు ఒకచోట, ప్రత్యేక లక్షణాలు ఇంకోచోట ఎలా రాయాలి? సిములా 67లో వచ్చిన క్లాసులు, ఉపక్లాసులు ఆ ప్రశ్నకు జవాబు. ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2002లో కొద్ది వారాల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు. సిములాను చూసి ఉత్తేజం పొందిన అలన్ కే, 1970లలో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో తన బృందంతో ‘స్మాల్‌టాక్’ భాషను రూపొందించాడు. ఆబ్జెక్టులకన్నా అవి ఒకదానికొకటి పంపుకునే సందేశాలే ముఖ్యమని ఆయన పదేపదే చెప్పాడు. మన పాఠ్యపుస్తకాలు ఈ మాటను దాదాపు వదిలేశాయి. మనం వదలం.

స్మాల్‌టాక్ రాసేవాళ్ల నుంచే టెస్టును ముందు రాసే అలవాటూ ప్రచారంలోకి వచ్చింది. కెంట్ బెక్ మొదట స్మాల్‌టాక్ కోసం ఒక టెస్టింగ్ పరికరం రాశాడు. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో ఎరిక్ గామాతో కూర్చుని దాన్నే జావాలోకి తెచ్చాడు. అదే జేయూనిట్. ఈ పద్ధతిని తాను కనిపెట్టలేదని, తిరిగి కనుక్కున్నానని బెక్ అంటాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గరున్న పాత ప్రోగ్రామింగ్ పుస్తకంలో చదివాడట: ఇన్‌పుట్ టేపు తీసుకో, దానికి రావలసిన అవుట్‌పుట్ టేపును ముందు చేత్తో టైపు చెయ్యి, ఆ రెండోది వచ్చేదాకా ప్రోగ్రాము రాయి. 2002లో వచ్చిన ఆయన పుస్తకంలో పెద్ద ఉదాహరణ డబ్బు: డాలర్లను, స్విస్ ఫ్రాంకులను కలిపే లెక్క. మనకు ఆ ఫ్రాంకులు అక్కర్లేదు. అంతకంటే చిక్కుముడి లెక్కలు మన అమ్మమ్మల దగ్గరున్నాయి.

2 సోలలు ఒక తవ్వ. 2 తవ్వలు ఒక మానిక. 2 మానికలు ఒక అడ్డ. 2 అడ్డలు ఒక కుంచం. 4 కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. ప్రాంతాన్నిబట్టి కొలత పాత్ర పరిమాణం మారేది. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక ఇవి సంతల్లోంచి పోయాయి కానీ చాలా ఇళ్లలో బియ్యం డబ్బాలో ఇప్పటికీ సోల ఉంది. మన ప్రాజెక్టు ‘వంటిల్లు’లో మొదటి క్లాసు ‘కొలత’.

ఒక చిన్న పక్కదారి. మన ప్రాజెక్టును పైథాన్ భాషలో రాస్తున్నాం. పైథాన్‌లో 2008లో వచ్చిన 3వ వెర్షన్ నుంచి క్లాసులకు, వేరియబుళ్లకు తెలుగు అక్షరాల్లో పేర్లు పెట్టుకోవచ్చు. ‘కొలత’, ‘వంటకం’ అని నేరుగా రాస్తే నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: ‘గ్యాస్‌స్టవ్’ లాంటి పేర్లలో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనబడని ఒక గుర్తు వేస్తాం. పేర్లలో ఆ గుర్తును పైథాన్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. ‘పొయ్యి’ అని రాస్తే ఏ గొడవా లేదు.

ఇప్పుడు మొదటి టెస్టు: “1 తవ్వ, 2 సోలలకు సమానం.” ఈ వాక్యాన్ని టెస్టుగా రాసి రన్ చెయ్యాలి. ఇంకా ‘కొలత’ అనే క్లాసే లేదు కదా! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. ఆ సామెత ఎగతాళికి పుట్టింది కానీ ఈ పద్ధతిలో కొడుకు పేరు ముందు పెట్టడమే పని. పేరు పెట్టేటప్పుడే ఆ ఆబ్జెక్టును బయటివాళ్లు ఎలా పిలవాలో, ఏం అడగాలో, ఏం ఆశించాలో తేలిపోతుంది. లోపల ఎలా ఉండాలన్నది తర్వాతి సంగతి.

టెస్టు ఎర్రగా వస్తుంది (తప్పితే ఎరుపు, పాసైతే పచ్చ): ‘కొలత’ అనే పేరే తెలియదని. ఖాళీ క్లాసు పెట్టి, అంకెను, ప్రమాణాన్ని తీసుకునేలా చేస్తాం. మళ్లీ ఎరుపే. ఎందుకంటే విడిగా తయారైన రెండు ఆబ్జెక్టులను, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, పైథాన్ వేర్వేరుగానే చూస్తుంది. లోపలి విలువలు ఒకటే అయినా సరే. అప్పుడు సమానత్వం చూసే మెథడ్ రాసి, అందులో ఏమీ లెక్కచూడకుండా ‘అవును’ అని జవాబు ఇప్పిస్తాం. పచ్చ! కొత్తవాళ్లు ఇక్కడ ఇది మోసం కదా అంటారు. మోసమే. ఆ మోసాన్ని బయటపెట్టే బాధ్యత రెండో టెస్టుది: “1 తవ్వ, 3 సోలలకు సమానం కాదు.” ఎరుపు. ఇక తప్పించుకునే దారి లేదు. రెండింటినీ సోలల్లోకి మార్చి పోల్చాలి. మూడో టెస్టు: “1 కుంచం, 16 సోలలకు సమానం.” దీనికోసం రాసిన ‘అయితే, లేకపోతే’ల వరస చూడటానికి వికారంగా ఉంటుంది. మూడు టెస్టులూ పచ్చగా ఉన్నాయి కాబట్టి ధైర్యంగా ఆ వరస తీసేసి ఒక పట్టిక పెట్టవచ్చు: సోల 1, తవ్వ 2, మానిక 4, అడ్డ 8, కుంచం 16. మళ్లీ రన్. పచ్చ. ఎరుపు, పచ్చ, శుభ్రం చెయ్యడం. పద్ధతి మొత్తం ఈ మూడు అడుగులే. శుభ్రం చెయ్యడాన్నే రీఫ్యాక్టరింగ్ అంటారు, చాలామంది ఎగ్గొట్టేది దాన్నే.

తర్వాత ‘వంటకం’. నలుగురి పులిహోర: 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల చింతపండు. టెస్టు: “పదిమందికి అడిగితే 1,000 గ్రాముల బియ్యం, 150 గ్రాముల చింతపండు చెప్పాలి.” కోడు రాశాం, పచ్చ వచ్చింది. ఇక్కడితో ఆగితే ఒక మందుపాతర లోపల ఉండిపోతుంది. అదే వంటకాన్ని వెంటనే ఇంకోసారి, ఈసారి ఆరుగురికి అడిగి చూడండి. 600 గ్రాములు రావాలి. మొదటిసారి కోడు రాసే విద్యార్థుల ప్రోగ్రాముల్లో తరచుగా 1,500 వస్తుంది.

అది ఎక్కడి నుంచి వచ్చింది? పదిమందికి లెక్క కట్టినప్పుడు మెథడ్ కొత్త వంటకాన్ని తయారుచేసి ఇవ్వకుండా, ఉన్న వంటకంలోని 400ను చెరిపి 1,000 రాసేసింది. ‘నలుగురికి’ అన్న అంకె మాత్రం అలాగే ఉంది. ఆరుగురికి అడిగేసరికి 1,000ని 4తో భాగించి 6తో హెచ్చవేసింది: 1,500. ఒక్కసారే పిలిచే టెస్టుకు ఇది ఎప్పటికీ దొరకదు. బెక్ పుస్తకంలో 5 డాలర్లను 2తో హెచ్చవేసి, వెంటనే 3తో హెచ్చవేసే చోట చర్చించిన సమస్య ఇదే. మందు ఒకటే: కొలతలాంటి ఆబ్జెక్టు పుట్టిన తర్వాత మారకూడదు. హెచ్చవేస్తే కొత్త కొలత పుట్టాలి, పాతది పాతదిగానే ఉండాలి. అమ్మ చేతిరాతలో ఉన్న వంటల పుస్తకంలో పెళ్లికి లెక్క కట్టాలని పాత అంకె కొట్టేసి కొత్తది రాయరు. పక్కన కాగితం మీద రాసుకుంటారు.

ఇంకో టెస్టు, చూడటానికి ఇంతకంటే అమాయకం: “0.1 కిలో కందిపప్పుకు 0.2 కిలో కలిపితే 0.3 కిలో.” ఎరుపు! వచ్చిన జవాబు 0.30000000000000004. కంప్యూటరు భిన్నాలను రెండు ఆధారంగా ఉన్న సంఖ్యామానంలో దాచుకుంటుంది. పదో వంతు అందులో ఎప్పటికీ తెగదు, మనకు మూడో వంతు 0.333 అంటూ సాగినట్టే. పప్పులో ఆ కాస్త ఎవరికీ లెక్కలోకి రాదు కానీ ‘సమానమా?’ అన్న ప్రశ్నకు అది అడ్డం పడుతుంది. గ్రాములను పూర్ణాంకాలుగా ఉంచుకోవడమో, పైథాన్‌లో ఉన్న భిన్నాల సదుపాయం వాడుకోవడమో చెయ్యాలి. పావు, అర, ముప్పావు అంటూ భిన్నాల్లోనే వండే మన వంటింటికి రెండోది బాగా కుదురుతుంది.

ఇప్పటిదాకా అన్నీ ఒకే నిష్పత్తిలో పెరిగాయి. అసలు వంటింట్లో అలా పెరగవు. ఇరవై గారెలకు బాణలిలో అరలీటరు నూనె పోస్తే రెండొందల గారెలకు ఐదు లీటర్లు పొయ్యరు. బాణలికి పట్టాల్సింది అంతే. గారెలు పీల్చుకున్న మేరకు మధ్యలో కలుపుతుంటారు. ఇంగువ, తాలింపులో ఆవాలు, ఎండుమిర్చి కూడా పదింతల మందికి పదింతలు పడవు. మొదటి ఆలోచనగా విద్యార్థి ఏం చేస్తాడంటే, వంటకం క్లాసులో “పేరు నూనె అయితే ఇలా, ఇంగువ అయితే అలా” అని రాస్తాడు. పదార్థాలు పెరిగేకొద్దీ ఆ మెథడ్ కొండచిలువలా సాగుతుంది.

అలన్ కే మాట ఇక్కడ పనికొస్తుంది. వంటకం ప్రతి పదార్థానికీ ఒకే సందేశం పంపాలి: “పదిమందికి నువ్వెంత?” బియ్యం తన పద్ధతిలో జవాబు చెబుతుంది, వేయించే నూనె తన పద్ధతిలో చెబుతుంది. ఎవరు ఎలా లెక్క కట్టారో వంటకానికి అనవసరం. రేపు ‘ఇడ్లీ పిండి’ కొత్తగా వచ్చినా వంటకం క్లాసులో ఒక్క అక్షరం మారదు. పాలీమార్ఫిజం అన్న గంభీరమైన పేరు వెనక ఉన్నది ఈ మర్యాదే: ఎదుటి ఆబ్జెక్టు పనిని దానికే వదిలెయ్యడం.

గుడ్డు దగ్గర ఇంకో గుణపాఠం ఉంది, నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో ఇదే ఇష్టం. ‘పదార్థం’ నుంచి ‘గుడ్డు’ అనే ఉపక్లాసు తీసుకున్నాం. సగం గుడ్డు కొనలేం కాబట్టి లెక్క భిన్నంలో వస్తే పై అంకెకు సవరించమన్నాం. తెలివైన పనిలాగే ఉంది. కానీ పదార్థం అనే క్లాసుకు ముందే ఒక టెస్టు రాసుకున్నాం: “సగం చేసి, మళ్లీ రెట్టింపు చేస్తే మొదటి కొలతే రావాలి.” బియ్యం, చింతపండు, ఉప్పు పాసయ్యాయి. గుడ్డును పెట్టి చూడండి: 3లో సగం 1.5, సవరిస్తే 2, రెట్టింపు చేస్తే 4. లేని గుడ్డు ఒకటి పుట్టుకొచ్చింది. తల్లి క్లాసు ఇచ్చిన మాటను పిల్ల క్లాసు తప్పింది. ఉపక్లాసు ఆబ్జెక్టును తల్లి క్లాసు ఆబ్జెక్టు ఉండే ఏ చోట పెట్టినా ప్రోగ్రాము నమ్మకం చెడకూడదన్న ఈ నియమాన్ని కంప్యూటరు శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో వివరించింది. ఆమెకు 2008 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. వారసత్వం అంటే పేరు, ఆస్తి మాత్రమే తీసుకోవడం అనుకునేవాళ్లు గుడ్డు దగ్గర తడబడతారు; మాట కూడా తీసుకోవాలి. పరిష్కారం తేలికే. గుడ్డు లోపల 1.5 అలాగే ఉండాలి. సవరించడం బజారు జాబితా రాసేటప్పుడు, ఆ జాబితా క్లాసులో జరగాలి.

‘కూర’ నుంచి ‘వేపుడు’, ‘పులుసు’, ‘ఇగురు’ అని ఉపక్లాసులు తియ్యాలని కూడా చెయ్యి లాగుతుంది. కోడిగుడ్డు పులుసు దేని కింద? మజ్జిగ పులుసు? గుమ్మడికాయ దప్పళం? ఈ వంశవృక్షం జోలికి పోకండి. వంటకం అంటే పదార్థాలు, చేసే దశలు కలిసిన ఒక కూర్పు అనుకుంటే చాలు. వారసత్వంకన్నా కూర్పుకు మొగ్గు చూపమని 1994లో వచ్చిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం గట్టిగా చెప్పింది. దాని నలుగురు రచయితల్లో విమానంలో బెక్ పక్కన కూర్చున్న గామా ఒకడు.

తర్వాత ‘అల్మరా’. ఇందులో సరుకులుంటాయి. కిలో బియ్యం, 20 గ్రాముల చింతపండు ఉన్నాయి. నలుగురికి పులిహోర చెయ్యమన్నాం. చింతపండు 60 గ్రాములు కావాలి. టెస్టు: “చెయ్యలేనని చెప్పాలి. అల్మరాలో బియ్యం కిలో అలాగే ఉండాలి.” ఈ రెండో వాక్యం రాయకపోతే ఏమవుతుందంటే, ప్రోగ్రాము వరసగా తీసుకుంటూ పోతుంది: బియ్యం 400 తీసింది, చింతపండు దగ్గర ఆగింది. పులిహోర లేదు, బియ్యమూ తగ్గింది. రైలు టికెట్టు రాకుండా డబ్బు పోయినవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు. వంటకం అల్మరాలోకి చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసుకోకూడదు. “ఇవన్నీ కావాలి, అన్నీ ఉంటేనే ఇవ్వు” అని జాబితా ఇవ్వాలి. చూసుకునే బాధ్యత, తగ్గించే బాధ్యత రెండూ అల్మరావే.

చివరి క్లాసు ‘కుక్కరు’. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కరులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పప్పు త్వరగా ఉడుకుతుంది. లోపలి మూత ఉండే కుక్కర్లలో ఆవిరి మూతను లోపలి నుంచి అంచుకు అదిమి పెడుతుంది. ఒత్తిడి దిగేదాకా ఎంత బలవంతుడైనా తియ్యలేడు. ఎన్‌క్యాప్సులేషన్ అన్నదాన్ని లోహంతో చేసి చూపించారు. మన క్లాసు కూడా అలాగే ఉండాలి: బయటి కోడు ఒత్తిడిని సున్నా అని రాసేసి మూత తీసే వీలు ఉండకూడదు. టెస్టు: “మూడు విజిళ్లు వచ్చాక పొయ్యి ఆపి వెంటనే ‘మూత తియ్యి’ అంటే ఎర్రర్ రావాలి. పది నిమిషాలాగి అంటే రావాలి మూత.”

పది నిమిషాలు ఆగే టెస్టును ఎవరు నడుపుతారు? ఇలాంటివి కొన్ని పోగైతే టెస్టులు నడపడమే మానేస్తారు. కాబట్టి కుక్కరు సొంతంగా కంప్యూటరు టైము చూసుకోకూడదు. గడియారాన్ని బయటినుంచి ఇవ్వాలి. అసలు వాడకంలో నిజం గడియారం, టెస్టులో మనం చేత్తో ముల్లు తిప్పగల నకిలీ గడియారం. రెండూ “టైమెంత?” అన్న ఒకే సందేశానికి జవాబిస్తాయి, కుక్కరుకు తేడా తెలియదు. టెస్టు కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. టెస్టు ముందు రాసినందువల్లే ఈ డిజైన్ వచ్చింది. కోడు ముందు రాసి ఉంటే గడియారం కుక్కరులో అతుక్కుపోయి ఉండేది.

ఇంత చేశాక ఈ పద్ధతికి ఉన్న హద్దులు కూడా చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉన్నాయి కాబట్టి ఆ పరీక్ష చెల్లుతుంది. ప్రోగ్రాములో ప్రతి దారీ వేరు. పదిమందికి సరిగ్గా వచ్చిన లెక్క సున్నామందికి పగిలిపోవచ్చు. సున్నా, ఒకటి, భిన్నం, లేని సరుకు, రెండుసార్లు పిలవడం: వీటన్నిటికీ విడివిడిగా టెస్టులు రాయాలి. అన్నీ పచ్చగా ఉన్నా తప్పుల్లేవని రుజువైనట్టు కాదు. టెస్టులు తప్పుల ఉనికిని చూపగలవే తప్ప లేమిని చూపలేవని కంప్యూటరు శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అర్ధశతాబ్దం కిందటే హెచ్చరించాడు. మనం రాసుకున్న జవాబే తప్పయితే తప్పుడు కోడు పచ్చగా మెరుస్తుంది. పులిహోరకు చింతపండు 60 గ్రాములు ఎక్కువో తక్కువో టెస్టు చెప్పదు. నాలుక చెప్పాలి.

పరిశ్రమలోనూ టెస్టును ముందు రాయడం మీద ఏకాభిప్రాయం లేదు. 2014లో ప్రోగ్రామర్ డేవిడ్ హైనమైర్ హాన్సన్ ఈ పద్ధతికి కాలం చెల్లిందని రాశాడు. టెస్టుల కోసమని కోడును అనవసరంగా ముక్కలు చేసి వంకరతిప్పుతున్నారని ఆయన ఫిర్యాదు. తర్వాత కెంట్ బెక్, మార్టిన్ ఫౌలర్‌లతో బహిరంగంగా చర్చ కూడా జరిగింది. ఆయన మాటలో నిజం ఉంది: గడియారం, పొయ్యి, అల్మరా అన్నీ నకిలీవి పెట్టి నడిపే టెస్టు చివరికి దేన్నీ పరీక్షించదు. నకిలీలను కాలం, నెట్‌వర్కు లాంటి మన అదుపులో లేని చోట్లకే పరిమితం చెయ్యాలి. మరోపక్క, మైక్రోసాఫ్ట్, ఐబీఎంలలోని నాలుగు బృందాలను నచ్చియప్పన్ నాగప్పన్, సహ పరిశోధకులు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. విడుదలకు ముందు దొరికిన లోపాల సాంద్రత, ఈ పద్ధతి వాడని అలాంటి ప్రాజెక్టులతో పోలిస్తే 40 నుంచి 90 శాతం తగ్గింది. మొదటి దశలో పనికి పట్టిన కాలం 15 నుంచి 35 శాతం పెరిగిందని ఆ బృందాలే అంచనా వేశాయి. నాలుగు బృందాలతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. అయినా నేర్చుకునే దశలో ఉన్న విద్యార్థికి ఆ అదనపు కాలం దండగ కానే కాదు. ఏ ఆబ్జెక్టు ఎవరికి ఏం బాకీ ఉందో ఆలోచించే కాలం అదే.

కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెప్పే మాస్టార్లకు నా విన్నపం ఒకటే. ల్యాబ్ మొదటి వారంలో జంతువుల ప్రోగ్రాము బదులు ప్రతి విద్యార్థినీ తన ఇంటి వంటకం ఒకటి కాగితం మీద రాసుకురమ్మనండి. దానికి ముగ్గురికి, పదిమందికి, సగానికి కొలతలు చేత్తో లెక్కకట్టి రమ్మనండి. కంప్యూటరు ఆన్ చేసేటప్పటికి టెస్టులు సిద్ధంగా ఉంటాయి. చదువరులకూ అదే మాట: ఇడ్లీ పిండికి మీ ఇంట్లో మినప్పప్పు ఎంత, రవ్వ ఎంత పడుతుందో ఈ పూటే అడిగి రాసుకోండి, మొదటి ఎర్ర టెస్టు రేపు రాయండి.